పేగుపూత శస్త్రచికిత్స: పేగు బ్యాక్టీరియా పాత్ర

పేగుపూత అన్న పేరు కింద రెండు జబ్బులున్నాయి. ఒకటి అల్సరేటివ్ కొలైటిస్. ఇది పెద్దపేగు లోపలి పొరను పుండ్లు చేస్తుంది. మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది. ముదిరితే రక్తం, జిగురు పడుతూ రోజుకు పదిసార్లకు పైగా విరేచనాలవుతాయి. రెండోది క్రోన్స్. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు గానీ, చిన్నపేగు వెళ్లి పెద్దపేగులో కలిసే చోటంటే దీనికి ప్రత్యేకమైన మోజు. పైపొరతో ఆగదు. పేగు గోడ మందమంతా వాపెక్కించి దారిని ఇరుకు చేస్తుంది. ఒక్కోసారి గోడకు తూటు పెట్టి పక్క పేగులోకో, మూత్రాశయంలోకో, చర్మం మీదికో ఫిస్టులా అనే దొంగదారి తీస్తుంది. అల్సరేటివ్ కొలైటిస్‌ను 1859లో లండన్ వైద్యుడు శామ్యూల్ విల్క్స్ విడిగా గుర్తించాడు. క్రోన్స్‌ను 1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ 14 మంది రోగుల వివరాలతో లోకానికి చెప్పారు. ముగ్గురిలో పేరు మాత్రం అక్షర క్రమంలో ముందున్న క్రోన్‌కే దక్కింది.

మందులు పనిచేయనప్పుడు, పేగు మూసుకుపోయినప్పుడు, చిల్లు పడినప్పుడు, చీము గడ్డ కట్టినప్పుడు, క్యాన్సర్ అనుమానం వచ్చినప్పుడు ఆపరేషన్ తప్పదు. కొలైటిస్‌లో పెద్దపేగు మొత్తం తీసేస్తే జబ్బుకు చోటే ఉండదు. క్రోన్స్‌లో అలా కుదరదు. పాడైన ముక్క కోసి, మిగిలిన రెండు కొసలూ కలిపి కుడతారు. చాలామందిలో జబ్బు మళ్లీ వస్తుంది, అదీ ఆ అతుకు దగ్గరే. ఎందుకిలా జరుగుతుందన్న ప్రశ్న వెంట వెళ్లినవాళ్లకే పేగులోని బ్యాక్టీరియా చేసే పని కళ్లకు కట్టినట్టు కనబడింది. ప్రయోగశాలలో ఎలుకల మీద ఏళ్లపాటు చేసిన పనికన్నా ఆపరేషన్ బల్ల మీద దొరికిన సాక్ష్యమే గట్టిదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

బాన్సువాడ వంటి ఊరిలో

బాన్సువాడ ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా నిజామాబాద్ జిల్లా. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ నీళ్లతో వరి పండించే ప్రాంతం. ఇటువంటి చోట పేగుపూత ఉంటుందంటే ఒక తరం కిందటి వైద్యులు అంత తేలిగ్గా నమ్మేవారు కారు. అది తెల్లవాళ్ల జబ్బు, మహా అయితే హైదరాబాద్, బొంబాయి వాళ్ల జబ్బు. పల్లెలో దస్తుల్లో రక్తం పడితే మూలశంక అనో, అమీబా అనో అనేవారు. కడుపు కుడివైపు కింద గడ్డ చేతికి తగిలితే పేగు టీబీ అనేవారు. ఆ అంచనా చాలాసార్లు నిజమే అయ్యేది కూడా. పేగు టీబీ సరిగ్గా క్రోన్స్ వచ్చే చోటే వస్తుంది, అలాగే పుండు చేస్తుంది, అలాగే ఇరుకు చేస్తుంది. రెంటినీ విడదీయడం ఈనాటికీ భారతీయ వైద్యులకు తలనొప్పే. కొన్ని నెలలు టీబీ మందులు వాడించి, తగ్గకపోతే క్రోన్స్ అని తేల్చడం ఇక్కడ మామూలు పద్ధతి.

పాత నమ్మకానికి మొదటి గట్టి దెబ్బ పంజాబ్ నుంచి తగిలింది. లూధియానా వైద్యులు 51,910 మందిని పరిశీలించి, లక్ష మందికి 44.3 చొప్పున కొలైటిస్ ఉందని 2003లో ప్రకటించారు. రెండో దెబ్బ హైదరాబాద్‌ది. డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో డాక్టర్ రూపా బెనర్జీ బృందం కడుపు బాధలున్న 30 వేల మందికి పైగా పల్లె, పట్టణవాసులను పరీక్షించి, 2023లో ఫలితాలు ప్రచురించింది. పేగుపూత నగరానికే పరిమితం కాదని, ఊళ్లలోనూ పాతుకుపోయిందని అందులో తేలింది. కాబట్టి బాన్సువాడ, బీర్కూరు, పిట్లం, జుక్కల్ వైపు నుంచి నెలల తరబడి రక్త విరేచనాలతో వచ్చే పాతికేళ్ల కుర్రాడిని మూలశంక మందుతో పంపేయడం ఇక కుదరని పని.

లోపలి కాపురం

డెబ్బై కిలోల మనిషిలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. దాదాపు అన్నీ పెద్దపేగులోనే. చిన్నపేగు మొదట్లో మిల్లీలీటరు ద్రవానికి వేలల్లో, దాని చివర పది కోట్ల దాకా, పెద్దపేగులో పదివేల కోట్ల వరకూ ఉంటాయి. ఇంత తేడాను నిలబెట్టేది రెండు పేగుల సంధిలో ఉన్న చిన్న కవాటం. నిజాంసాగర్ కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు తూము తలుపు సంగతి చెప్పనక్కర్లేదు. ఇదీ అలాంటిదే. పైనుంచి కిందికి వదులుతుంది, కింది నుంచి పైకి ఎగదన్ననివ్వదు. క్రోన్స్‌కు చేసే ఆపరేషన్లలో ఎక్కువగా కోసేది సరిగ్గా ఈ భాగాన్నే. అంటే పుండుతోపాటు తూము తలుపు కూడా ఊడబెరికి, చిన్నపేగు కొసను నేరుగా పెద్దపేగుకు కుడతారు. అప్పటిదాకా పలచగా ఉన్న చోటికి కింది జనాభా ఎగబాకుతుంది.

ఈ కాపురానికి పునాది పడేది పుట్టిన రోజునే. తల్లిపాలలో బిడ్డకు అరగని చక్కెరలు కొన్ని ఉంటాయి. బిడ్డకు పనికిరానివి పాలలో ఎందుకున్నాయని చాలాకాలం తలలు పట్టుకున్నారు. అవి బిడ్డకు కాదు, బిడ్డ పేగులోని బైఫిడో బ్యాక్టీరియాకు పెట్టిన తిండి. బాన్సువాడలోని మాతా శిశు ఆసుపత్రికి 2022లో తల్లిపాలకు అనుకూలమైన ఆసుపత్రిగా గుర్తింపు వచ్చింది. పుట్టిన గంటలో ముర్రుపాలు పట్టించే ఆ పనికీ పేగుపూతకూ సంబంధం లేకపోలేదు. ఆసియా, ఆస్ట్రేలియాల్లో పేగుపూత రోగులను ఆరోగ్యవంతులతో పోల్చి 2015లో వెలువరించిన అధ్యయనంలో, ఏడాదికి మించి తల్లిపాలు తాగిన ఆసియావాసుల్లో ఈ జబ్బు తక్కువగా కనబడింది. అదే అధ్యయనంలో ఇంకో విడ్డూరం ఉంది. చిన్నప్పుడు యాంటీబయాటిక్స్ వాడితే పేగుపూత ముప్పు పెరుగుతుందని పాశ్చాత్య దేశాల లెక్కలు చెబుతుంటే, ఆసియావాళ్లలో అది తగ్గినట్టు తేలింది. క్రోన్స్‌కు యూరప్ వాళ్లలో పేరుమోసిన నాడ్2 జన్యు మార్పులూ భారతీయ రోగుల్లో అరుదు. అక్కడి పాఠాన్ని ఇక్కడ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పడం ప్రమాదమని ఈ రెండూ హెచ్చరిస్తున్నాయి.

లూవెన్ ప్రయోగం

బెల్జియంలోని లూవెన్ నగరంలో పాల్ రుట్‌గీర్ట్స్ అనే వైద్యుడు ఆపరేషన్ అయిన క్రోన్స్ రోగులను ఇంటికి పంపి ఊరుకోలేదు. బాగున్నామన్నవాళ్లకు కూడా మళ్లీ కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) చేసి అతుకు చూశాడు. 1990లో ప్రచురించిన లెక్క ప్రకారం 89 మందిలో 73 శాతానికి ఏడాదిలోపే అతుకుకు పైభాగంలో కొత్త పుండ్లు వచ్చాయి. బాధ ఉన్నవాళ్లు మాత్రం 20 శాతమే. మిగతావాళ్లు హాయిగా తింటున్నారు, పనికి పోతున్నారు. లోపల జబ్బు ఇల్లు కట్టుకుంటోంది.

స్కోపీలో కనబడినదాన్ని ఆయన ఐదు మెట్లుగా విడగొట్టాడు. సున్నా అంటే లోపలి పొర నున్నగా, గులాబీ రంగులో మెరుస్తుంది. ఒకటి అంటే నోటిపూతలో వచ్చేలాంటి చిన్న పుండ్లు, ఐదుకు మించవు. రెండు అంటే ఐదు దాటిన పుండ్లు, వాటి మధ్య పొర బాగానే ఉంటుంది, లేదా పుండ్లు అతుకు అంచుకే పరిమితమవుతాయి. మూడుకు వచ్చేసరికి పుండ్ల మధ్య పొర కూడా ఎర్రబారి వాస్తుంది. నాలుగులో పెద్ద పుండ్లు, గడ్డలు, ఇరుకు. చూసే డాక్టర్ రిపోర్టులో ఇంగ్లిషు ఐ అక్షరం పక్కన ఈ అంకె వేస్తాడు. మూడు, నాలుగు అంకెలు పడినవాళ్లకు బాధ తిరగబెట్టడం ఎక్కువ, సున్నా, ఒకటి పడినవాళ్లకు తక్కువ. ఈ మెట్ల లెక్క ఇప్పటికీ లోకమంతా చెల్లుతోంది.

పుండ్లు ఎప్పుడూ అతుకుకు పైవైపే ఎందుకు వస్తాయి? అటుగా పారే మలంలోనే ఏదో ఉండాలి. దీన్ని తేల్చడానికి రుట్‌గీర్ట్స్ బృందం 1991లో చెప్పిన పద్ధతి వినడానికి సులువు, చేయడానికి గుండెధైర్యం కావాలి. ఐదుగురు రోగులకు పాడైన పేగు కోసి అతుకు వేశారు. కానీ అతుకుకు జానెడున్నర పైన పేగును పొట్ట మీదికి తెచ్చి సంచిలోకి మళ్లించారు. అంటే అతుకు ఉంది, దాని మీదుగా మలం మాత్రం పోదు. ఆరు నెలల తర్వాత చూస్తే ఐదుగురిలో ఒక్కరికీ అక్కడ పుండు లేదు. తర్వాత పేగు కలిపేసి మలాన్ని మామూలు దారిన వదిలారు. ఇంకో ఆరు నెలలకు ఐదుగురికీ పుండ్లు వచ్చాయి.

అదే ఊళ్లో డాన్స్ అనే వైద్యుడు 1998లో ఇంకో అడుగు వేశాడు. ఇలా మళ్లింపు ఉన్న ముగ్గురిలో, సంచిలోకి వచ్చిన ద్రవాన్నే తీసి, ఖాళీగా ఉన్న కింది పేగులోకి ఎనిమిది రోజులపాటు ఎక్కించాడు. అంతకుముందు సూక్ష్మదర్శినిలో ప్రశాంతంగా ఉన్న పేగు గోడలోకి ఎనిమిది రోజుల్లోనే తెల్ల రక్తకణాలు దండెత్తాయి. అంతకు ముందు 1985లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన పనిని దీని పక్కన పెడితే బొమ్మ పూర్తవుతుంది. అక్కడ అలాంటి ద్రవాన్ని బ్యాక్టీరియా దూరలేనంత సన్నటి జల్లెడలో వడగట్టి ఎక్కిస్తే ప్రభావం తక్కువగా కనబడింది. తిండిలోని రసాయనాలకన్నా వడగట్టులో ఆగిపోయినవాటి మీదే అనుమానం బలపడింది.

ఎవరు ఆ దొంగ అంటే మాత్రం ఒక్క పేరు చెప్పలేం. ఫ్రాన్స్‌లో క్రోన్స్ రోగుల చిన్నపేగు గోడకు అతుక్కుని లోపలికి చొరబడే ఒక రకం ఈ-కోలై దొరికింది. 2008లో సోకోల్ బృందం ఇంకో కోణం చూపించింది. కోసి తీసిన పేగు ముక్క మీద ఫీకాలిబ్యాక్టీరియం ప్రాస్నిట్జీ అనే బ్యాక్టీరియా తక్కువగా ఉన్నవాళ్లకు ఆరు నెలల్లో పుండ్లు తిరిగి రావడం ఎక్కువ. గాలి సోకితే చచ్చిపోయే ఈ పిరికి జీవి పీచును పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తుంది. పెద్దపేగు గోడ కణాలకు అదే ముఖ్యమైన ఆహారం. చెడ్డవాళ్లు చేరడంతోపాటు మంచివాళ్లు వెళ్లిపోవడం కూడా కథలో భాగమన్నమాట.

అన్నం పెట్టకపోతే పేగు అలుగుతుందనడానికి ఇంకో రుజువుంది. పైన సంచి పెట్టి మలాన్ని మళ్లిస్తే, వాడకంలో లేని కింది పేగు ఒక్కోసారి తనంతట తనే ఎర్రబడి రక్తం కారుతుంది. 1981లో గ్లాట్జర్ ఈ సంగతి బయటపెట్టాడు. 1989లో నలుగురు రోగులకు బ్యూటిరేట్ వంటి ఆమ్లాలు కలిపిన ఎనిమా ఇస్తే తగ్గింది. క్రోన్స్ రోగి చిన్నపేగుకు మలం సోకితే పుండు, అదే మలం సోకకపోతే పెద్దపేగుకు వాపు. రెండు మాటలూ నిజమే.

కొత్త సంచి, కొత్త జనాభా

కొలైటిస్‌కు పెద్దపేగు మొత్తం తీసేశాక మనిషి జన్మంతా పొట్ట మీద సంచితో బతకాల్సిందేనా? స్వీడన్ సర్జన్ నిల్స్ కాక్ 1969లో చిన్నపేగుతోనే లోపల ఒక తిత్తి కుట్టి చూశాడు. 1978లో లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి సర్జన్లు పార్క్స్, నికోల్స్ తిత్తిని మలద్వారానికి కుట్టారు. జపాన్‌కు చెందిన ఉత్సునోమియా 1980లో దాన్ని ఇంగ్లిషు జే అక్షరంలా మడిచి పని సులువు చేశాడు. ఇప్పుడు ఎక్కువగా చేసేది అదే. డాక్టర్లు పౌచ్ అంటారు, రోగులూ అదే మాట అంటారు.

పౌచ్ వేసిన కొన్ని నెలలకు అందులో మలం నిలవడం, దాంతో బ్యాక్టీరియా ముసరడం మొదలవుతుంది. చిన్నపేగు పొర మెల్లమెల్లగా పెద్దపేగు పొర వేషం కడుతుంది. ఆ తర్వాత కొందరిలో పౌచైటిస్ వస్తుంది: విరేచనాలు పెరుగుతాయి, తొందర పెడుతుంది, పొత్తికడుపు మెలిపెడుతుంది, ఒళ్లు వెచ్చబడుతుంది. జీవితకాలంలో సగం మంది దాకా కనీసం ఒకసారైనా దీన్ని చవిచూస్తారు. మెట్రోనిడజోల్ గానీ, సిప్రోఫ్లాక్సాసిన్ గానీ రెండు వారాలిస్తే ఎక్కువమందికి తగ్గుతుంది. మన మెడికల్ షాపుల్లో విరేచనాలనగానే చేతికొచ్చే గోలీలే ఇవి. యాంటీబయాటిక్‌తో తగ్గుతోందంటేనే కారకుల జాడ తెలుస్తోంది.

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. పెద్దపేగు నిండా వందల పిలకలు పుట్టి, వదిలేస్తే క్యాన్సర్‌గా మారే వంశపారంపర్య జబ్బుకు కూడా ఇదే ఆపరేషన్, ఇదే పౌచ్. కానీ వాళ్లకు పౌచైటిస్ చాలా అరుదు. కోత ఒకటే, కుట్టు ఒకటే, ఫలితం వేరు. కాబట్టి తప్పు సర్జన్ చేతిది కాదు, ఒక్క బ్యాక్టీరియాది కూడా కాదు. ఆ మనిషి రోగనిరోధక వ్యవస్థ, అక్కడ చేరిన జనాభా, రెండూ కలిస్తేనే మంట. స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 2020లో ఈ రెండు రకాల పౌచ్‌లనూ పోల్చారు. కొలైటిస్ వాళ్ల పౌచ్‌లలో పైత్యరసాన్ని మార్చే బ్యాక్టీరియా కుటుంబం లోపించింది, ఆ బ్యాక్టీరియా తయారుచేసే వాపు తగ్గించే ఆమ్లాలూ తక్కువగా ఉన్నాయి.

బ్యాక్టీరియాను చంపడం కాక, చేర్చడం పనిచేసిన అరుదైన సందర్భం కూడా ఇక్కడే ఉంది. ఇటలీలోని బొలోనా వైద్యులు తరచూ పౌచైటిస్ వచ్చే 40 మందిని యాంటీబయాటిక్స్‌తో నయం చేసి, సగం మందికి ఎనిమిది రకాల బ్యాక్టీరియా కలిపిన పొడి, సగం మందికి ఉత్త పొడి ఇచ్చారు. తొమ్మిది నెలల్లో ఉత్త పొడి తాగిన 20 మందికీ జబ్బు తిరగబెట్టింది. బ్యాక్టీరియా తాగినవాళ్లలో ముగ్గురికే. 2000లో ఈ ఫలితం వచ్చినప్పుడు చాలామంది ఎగిరి గంతేశారు. అదే మంత్రం క్రోన్స్ అతుకు మీద వేస్తే పారలేదు. లాక్టోబాసిల్లస్ జీజీ ఇచ్చి చూశారు, ఎనిమిది రకాల పొడీ ఇచ్చి చూశారు. పుండ్లు తిరిగి రావడం చెప్పుకోదగినంత తగ్గలేదు. సల్ల, చద్దన్నం, అంబలి ఒంటికి మంచివే కావచ్చు. వాటితో క్రోన్స్ తిరిగి రాకుండా ఆగుతుందని వాట్సాప్‌లో వచ్చే మాట మాత్రం నిలవదు.

అతుకు విడిపోవడం

జబ్బు తిరగబెట్టడానికి నెలలు పడుతుంది. ఆపరేషన్ అయిన వారం పది రోజుల్లో భయపెట్టేది వేరు: అతుకు లీక్. కుట్టు విడిపోయి మలం కడుపులోకి కారితే జ్వరం, గుండెదడ, కడుపు చెక్కలా బిగుసుకోవడం, ఆలస్యమైతే ప్రాణం పోవడం. కుట్టు సరిగా పడలేదనో, రక్తప్రసరణ అందలేదనో చాలాకాలం అనుకునేవారు. 1955లో అమెరికాలో కాన్, రైవ్స్ అనే సర్జన్లు కుక్కల మీద ఒక పని చేశారు. పెద్దపేగు అతుకు దగ్గర రక్తనాళాలు కావాలనే కట్టేశారు. అతుకు చచ్చుపడాలి. కొన్నింటికి పేగు లోపలికి నేరుగా యాంటీబయాటిక్ పోశారు. పోసినవాటి అతుకులు మానాయి, పోయనివాటివి విడిపోయాయి. ఇంత ముఖ్యమైన సంగతి యాభై ఏళ్లపాటు దాదాపు అటకెక్కింది.

దాన్ని కిందికి దించింది చికాగో విశ్వవిద్యాలయం సర్జన్ జాన్ ఆల్వర్డీ బృందం. 2015లో వాళ్లు నేరస్తుణ్ని పేరు పెట్టి చూపించారు: ఎంటరోకాకస్ ఫీకాలిస్. ఇది మామూలుగా మన పేగులో కిక్కురుమనకుండా ఉండేదే. కోత తర్వాత మాత్రం కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైమును బయటికి తీస్తుంది, పేగు తనంతట తాను తయారుచేసే ఇంకో ఎంజైమునూ రెచ్చగొడుతుంది. కుట్టు నిలిచేది కొల్లాజెన్ మీదే. గోడకు పూసిన సిమెంటు పచ్చిగా ఉండగానే ఎవరో గోకుతున్నట్టు. నరానికి ఎక్కించిన మామూలు యాంటీబయాటిక్ ఎలుకల పేగు గోడ మీద దీన్ని తుడిచిపెట్టలేకపోయింది, అక్కడికే చేరేలా ఇచ్చిన మందు పనిచేసింది. మనుషుల్లోనూ లీక్‌లన్నిటికీ ఇదే కారణమని అనలేం. పేగుపూత రోగిలో వేరే కారణాలకు కరువు లేదు. నెలల తరబడి మింగిన స్టెరాయిడ్లు, తిండి సయించక పడిపోయిన ఆల్బుమిన్, కడుపులో ముందే ఉన్న చీము, సిగరెట్, బీడీ.

ఆపరేషన్‌కు ముందు పేగు శుభ్రం చేసే పద్ధతి కూడా ఈ చరిత్రలో అటూ ఇటూ ఊగింది. 1973లో నికోల్స్ (పౌచ్ కుట్టిన నికోల్స్ వేరు), కాండన్ అనే సర్జన్లు నియోమైసిన్, ఎరిత్రోమైసిన్ మాత్రలను ముందురోజు మింగించడం మొదలుపెట్టారు. తర్వాత అవి మూలకు పోయి, ఉత్త విరేచనకారి ద్రవం తాగించడమే మిగిలింది. ఉత్తగా కడగడం వల్ల ఒరిగేదేమీ లేదని తేలాక, కడగడంతోపాటు మాత్రలూ మింగిస్తే కోత గాయం చీము పట్టడం తగ్గుతుందని మళ్లీ పాత దారికే వచ్చారు.

మందుల వెనక కూడా

పేగు బ్యాక్టీరియా శత్రువులే కాదు, కాంపౌండర్లు కూడా. పేగుపూతకు మొదటి నమ్మకమైన మందు సల్ఫసలజీన్. స్వీడన్ వైద్యురాలు నానా స్వార్ట్జ్ కీళ్లవాతం కోసం తయారుచేయించిన ఈ మాత్రలో రెండు రసాయనాలు ఒక బంధంతో జతపడి ఉంటాయి. ఆ బంధాన్ని తెంచేది మనిషి ఎంజైము కాదు, పెద్దపేగు బ్యాక్టీరియా. తెగాకే అసలు మందు విడుదలవుతుంది. పెద్దపేగు తీసేసినవాళ్లలో ఈ పని సరిగా జరగదు.

క్రోన్స్‌లో వాడే మెథోట్రెక్సేట్‌కు తెలుగు మూలం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన లెడర్లీ ప్రయోగశాలలోనే అది తయారైంది. ఆయన అన్నదమ్ములు ఇద్దరిని స్ప్రూ అనే పేగు జబ్బు పొట్టనబెట్టుకుంది. ఆయనకూ అదే సోకితే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికారంటారు. ఆ స్ప్రూకు తర్వాత స్థిరపడిన చికిత్స రెండు మందులు: ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది సుబ్బారావు బృందం. టెట్రాసైక్లిన్ కుటుంబంలో పెద్దక్క ఆరియోమైసిన్ 1948లో వెలువడింది ఆ ప్రయోగశాల నుంచే. అదే ఏడాది ఆయన కన్నుమూశారు. పేగు బ్యాక్టీరియా, పేగు పొర, పోషకాహారం ఒకదానికొకటి ముడిపడి ఉంటాయని ఈ జబ్బు కూడా చూపించింది.

ఇంకో సంగతీ మన దేశానిదే. ఇరుకైన పేగును కోసి తీయకుండా, నిలువుగా కోసి అడ్డంగా కుట్టి వెడల్పు చేసే పద్ధతిని భారతీయ సర్జన్ కటారియా బృందం 1977లో పేగు టీబీ రోగుల కోసం రాసింది. ఆక్స్‌ఫర్డ్‌లోని ఇమాన్యుయెల్ లీ 1982లో దాన్నే క్రోన్స్‌కు వాడాడు. పైన చెప్పిన వడగట్టిన ద్రవం ప్రయోగంలోనూ ఈయన చేయి ఉంది. పేగు పొడవు మిగిల్చుకోవడానికి ఇప్పుడు లోకమంతా వాడే ఉపాయం అలా టీబీ వార్డుల్లో పుట్టింది.

ఆపరేషన్ తర్వాత

చిన్నపేగు చివరి భాగం పోతే రెండు నష్టాలు. విటమిన్ బి12 పీల్చుకునే చోటు అదే కాబట్టి జన్మంతా ఇంజెక్షన్లు అవసరం కావచ్చు. పైత్యరసం మళ్లీ పీల్చుకోబడక పెద్దపేగులోకి జారి నీళ్ల విరేచనాలు చేస్తుంది. దీన్ని జబ్బు తిరగబెట్టడంగా పొరబడి స్టెరాయిడ్లు మొదలుపెట్టడం, లేదా ఇన్ఫెక్షన్ అనుకుని ఎవరినీ అడక్కుండా యాంటీబయాటిక్ మింగడం రెండూ జరుగుతాయి. రెండోది క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే ఇంకో బ్యాక్టీరియాకు తలుపు తీయవచ్చు. ఇరుకు మిగిలిపోయినవాళ్లు జామ గింజలు, పీచు ఎక్కువున్న కూర కాడల విషయంలో డాక్టర్‌ను అడిగి నడుచుకోవాలి.

యాంటీబయాటిక్‌ను డాక్టర్ చేతి మీదుగా ముందస్తుగా వాడి చూసిందీ రుట్‌గీర్ట్స్ బృందమే. 1995లో 60 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆపరేషన్ అయిన వారంలోపు మెట్రోనిడజోల్ మొదలుపెట్టి మూడు నెలలిచ్చారు. ఏడాదికి బాధ తిరగబెట్టినవాళ్లు మందు గుంపులో 4 శాతం, ఉత్త గోలీల గుంపులో 25 శాతం. ఆ తర్వాతి ఏళ్లలో ఈ లాభం నిలవలేదు. నోరు ఇనుము చప్పరించినట్టుండటం, కాళ్లు తిమ్మిరెక్కడం వల్ల చాలామంది మందే మానేస్తారు. బ్యాక్టీరియాను శాశ్వతంగా తరిమెయ్యడం సాధ్యం కాదు, జాప్యం మాత్రం చేయించవచ్చు.

అందుకే ఇప్పటి పద్ధతి ముందే వెళ్లి చూడటం మీద నిలబడింది. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ ఆసుపత్రులు 174 మంది మీద చేసి 2015లో ప్రకటించిన ప్రయోగంలో ఒక గుంపుకు ఆపరేషన్ అయిన ఆరో నెలలో కొలనోస్కోపీ చేసి, పుండ్లు కనబడితే మందు పెంచారు. ఇంకో గుంపును మామూలుగా చూశారు. ఏడాదిన్నరకు రుట్‌గీర్ట్స్ మెట్లలో రెండు, ఆపైన అంకె పడినవాళ్లు మొదటి గుంపులో 49 శాతం, రెండో గుంపులో 67 శాతం. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు జబ్బు తిరిగి రావడం ఎక్కువని కూడా తేలింది.

బాన్సువాడ నుంచి హైదరాబాద్ సుమారు 150 కిలోమీటర్లు. నొప్పి లేదు, దస్తులు బాగానే ఉన్నాయి, నాట్లు మొదలయ్యాయి. అటువంటప్పుడు ముందురోజంతా ఉపవాసముండి, రెండు లీటర్ల కడుపు కడిగే ద్రవం తాగి, బస్సులో అంత దూరం పోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? అక్కడ పనికొచ్చేది మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష. పేగు గోడలోకి దండెత్తిన తెల్ల రక్తకణాలు విడిచే ప్రొటీన్ ఇది. అదే ఆస్ట్రేలియా రోగుల్లో గ్రాముకు 100 మైక్రోగ్రాములకు లోపు ఉన్నవాళ్లలో పదింట తొమ్మిది మందికి అతుకు దగ్గర ఆ స్థాయి పుండ్లు లేవు. మలంలో ఇది గది ఉష్ణోగ్రతలో కూడా రెండు మూడు రోజులు పెద్దగా పాడవదు. చిన్న డబ్బీలో గోరంత నమూనా తీసి, మూత బిగించి, పేరూ తేదీ రాసి పంపితే చాలు. అంకె ఎక్కువ వస్తే మనిషి బస్సెక్కాలి, తక్కువ వస్తే మళ్లీ కొన్ని నెలలకు డబ్బీ పంపాలి.